నా నొప్పి నాకివ్వండి

చిట్టా 1. మొదటి పగలు, గొర్రెలమెట్ట గేటు. సున్నా కిలోమీటరు.

ఈ పుస్తకం నొప్పుల పంపకాల ఆఫీసు వాళ్ళిచ్చింది. పరిగెత్తే మనిషి రోజుకి నాలుగైదు సార్లు ఆగి, ఎక్కడ నొప్పి, ఎంత నొప్పి, ఎలాంటి నొప్పి అన్నది సొంత చేత్తో రాయాలి. రాయకపోతే పరుగు చెల్లదు. తన నొప్పిని తాను గుర్తుపట్టగలిగిన మనిషికే దాన్ని సొంతానికి ఉంచుకునే హక్కు ఇస్తారట. ఆ ఆఫీసు చెప్పే మాటల్లో నేను ఒప్పుకునేది ఇదొక్కటే.

పేరు నూకరత్నం. వయసు నలభై ఏడు. కోరేది, పంపకంలోంచి శాశ్వతంగా విడుదల. దారి, గొర్రెలమెట్ట నుంచి తెల్లగట్టు దాకా కొండల వెన్ను మీద నూట ముప్పై ఏడు కిలోమీటర్లు. గడువు మూడు పగళ్ళు. పొద్దుగూకితే దారిపక్క పోస్టు గదిలో పడుకోవాలి, చీకట్లో పరిగెత్తింది లెక్కలోకి రాదు. తోడు ఎవరూ ఉండకూడదు. ముఖ్యంగా నొప్పిలో తోడు ఉండకూడదు. ఎవరిదీ నాకు రాకూడదు, నాది ఎవరికీ పోకూడదు. ఒక మనిషికి బతుకులో ఒక్కటే అవకాశం.

ఆరింటికి ఆఫీసు మనిషి దాలినాయుడు నా చెవి వెనక, నొప్పుల్ని అటూ ఇటూ పంపే బిళ్ళ మీద వేలు పెట్టి పంపకం ఆపాడు. ఇరవై ఆరుమంది బంధువుల నొప్పులు ఒక్కసారిగా నాలోంచి దిగిపోయాయి. మరిది పన్ను, అత్తగారి మోకాళ్ళు, తోడికోడలి నెలనొప్పి, నా పెళ్ళిలో ఒకే ఒక్కసారి చూసిన ఒకానొక పినమామగారి మొలలు. ఇరవై నాలుగేళ్ళు ఆ పెద్దమనిషి మొలలు మోశాను. ఆయన మొహం గుర్తులేదు, అవి మాత్రం బాగా గుర్తున్నాయి. థూ.

మా వైపు తాళి కట్టించుకున్న కోడలు పీటల మీదే అత్తగారి మోకాళ్ళ నొప్పిలో వాటా తీసుకోవాలి. తీసుకోగానే పెద్దవాళ్ళు "వచ్చిందా అమ్మా?" అని అడుగుతారు. వచ్చిందంటే అక్షింతలు వేస్తారు. నేను ఏడ్చాను. సంతోషం పట్టలేక ఏడుస్తోందని అందరూ మురిసిపోయారు.

పరుగుకి ఇంకో షరతు ఉంది. ప్రాణం మీదికి వస్తే నా నొప్పిని అవతలికి లాక్కుని నన్ను స్పృహలో ఉంచడానికి ఒక్క మనిషికి దారి తెరిచి ఉంచుతారు. ఆపద బంధువు అంటారు. ఇరవై ఆరుమందిలో సంతకం పెట్టింది మా ఆడపడుచు సింహాచలం ఒక్కతే. నేను పోతే నా వాటా తమ నెత్తిన పడుతుందని మిగతావాళ్ళు నాతో మాటలు మానేశారు.

ఆవిడ గేటు దాకా వచ్చింది. "ఏటే నూకా, ఒక్కదానివీ పరిగెట్టి ఏటి సాధిత్తావు? తలా కాసింత పంచుకుంటే ఏటవుద్ది?"

తలా కాసింత. ఆ మాట వింటే నాకు వాంతి వస్తుంది. బయల్దేరాను.

నొప్పి: ఏమీ లేదు. ఒళ్ళు ఖాళీ చేసిన అద్దె ఇల్లులా ఉంది.

చిట్టా 2. మొదటి పగలు. 19 కిలోమీటర్లు.

వాన. దారి సగం కొట్టుకుపోయింది, మిగిలిన సగం దారా కాలవా అన్నది తేలడం లేదు. జలగలు మేజోళ్ళ అల్లికలోంచి దూరి వేళ్ళ సందుల్లో కాపురం పెట్టాయి. పీకితే రక్తం ఆగదు, పీకకపోతే అవి ద్రాక్షపళ్ళంత అవుతాయి. పదకొండు పీకి ఇక లెక్కపెట్టడం మానేశాను.

తినడానికి ఆఫీసు వాళ్ళు జావ పాకెట్లు ఇచ్చారు. సబ్బునీళ్ళలో బెల్లం కలిపినట్టుంది. మింగితే పైకొస్తోంది, పైకొస్తే మళ్ళీ మింగుతున్నాను. పారేద్దామంటే వేరే తిండి ఏదీ తీసుకోకూడదని రూలు.

పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర తీగ మీద వేలాడుతూ పోయే తీగబండి మా దారి మీదికి బాగా దిగి వస్తుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళ కోసం అక్కడ కాసేపు ఆపుతారు. నేను బండని పట్టుకుని పాకుతుంటే సరిగ్గా నెత్తిమీద ఆగింది. కిటికీలోంచి ఒకావిడ తల బయటపెట్టి, "అయ్యో, ఎందుకండీ అంత బాధ! మేం పన్నెండుమందిమి ఉన్నాం, తలా కాస్త ఇటిచ్చెయ్యండి!" అని అరిచింది. నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పక్కనున్నాయన అరటిపండు తిని తొక్క బయటికి విసిరాడు, అది నా భుజం మీద పడింది. దయా తొక్కా రెండూ ఒకే కిటికీలోంచి వచ్చాయి.

ఆవిడ మంచిదే, నాకు తెలుసు. మంచివాళ్ళంటేనే నాకు ఎక్కువ రోత.

నొప్పి: కుడి మోకాలు లోపలివైపు. దాన్ని ఏమనాలో చాలాసేపు తెలియలేదు. పోటు కాదు, పోటు వచ్చిపోతుంది. ఇది సలుపు. మా అమ్మమ్మ దగ్గర ఈ మాటలు బోలెడుండేవి. సలుపు, పోటు, తీపు, లాగుడు, పీకుడు, మంట, గుచ్చుడు. మా తరానికి మిగిలింది "కాస్త నలతగా ఉంది" ఒక్కటే. ఎవరి నలతో కూడా తెలీదు.

చిట్టా 3. మొదటి పగలు ముగిసింది. 44 కిలోమీటర్లు, రెండో పోస్టు.

ముప్పై ఒకటో కిలోమీటరు దగ్గర దిగుడులో జారాను. ఎడమ పాదం రాయికి కొట్టుకుంది. లేచి పరిగెత్తాను. ఇప్పుడు బూటు విప్పితే బొటనవేలి గోరు నల్లబడి ఊగుతోంది. మేజోడు వాసనకి పోస్టు గోడ మీది బల్లి కూడా లోపలికి పోయింది.

ఎందుకు పరిగెడుతున్నావో రాయమని ఈ పేజీ అడుగునే అచ్చు వేశారు. రాస్తాను.

ఎర్నాయుడు నా మొగుడు. నాలుగేళ్ళ కిందట అతనికి అపెండిక్స్ వాచింది. ఆ నొప్పి మనిషిని నేల మీద దొర్లించాలట. ఇల్లంతా లేచి, అరిచి, బండి ఎక్కించాలట. అప్పట్లో మా పంపకంలో పన్నెండుమందిమి. ఎర్నాయుడికి మిగిలింది పన్నెండో వంతు. మిగతా పదకొండుమందికీ తలా కాస్త కడుపునొప్పి. ముందురోజు మేనల్లుడి పెళ్ళిలో గుత్తివంకాయ కూర బాగుందని అందరూ గట్టిగా తిన్నారు. అదే అనుకున్నారు. పదకొండుమందీ సోడా తాగి పడుకున్నారు. ఎర్నాయుడు కూడా తాగాడు. నవ్వుతూ తేన్చాడు కూడా. మూడో రోజు లోపల అది పగిలింది. కోసి చూసిన డాక్టరు, ఇది మూడు రోజుల నుంచీ అరుస్తూ ఉండాలే అన్నాడు. అరిచింది బాబూ. పన్నెండు ముక్కలై అరిచింది, ఎవరికీ వినపడలేదు.

దినాలు అయ్యాక ఇంటి పెద్దలు కూర్చుని తీర్మానం చేశారు. పన్నెండుమంది చాలకే ఇలా జరిగిందట. అందుకని ఇరవై ఆరుమందిని చేశారు. ఆ తీర్మానం మీద నాచేత కూడా వేలిముద్ర వేయించారు.

నేను విడిగా ఉండాలి. నా ఒంట్లో ఏదన్నా అరిస్తే అది నాకు పూర్తిగా వినపడాలి. ఇంతకి మించి నాకు కొండల మీద ఏ కోరికా లేదు. ఇక్కడ గాలి బాగుంటుందనేవాళ్ళు ఈ మేజోళ్ళు వాసన చూడాలి.

నొప్పి: మోకాలు సలుపు, తగ్గలేదు. ఎడమ పాదం మొద్దుగా, బరువుగా. నడుం లాగుడు. తొడల సందున ఒరిపిడి మంట. దీని సంగతి ఆఫీసు వాళ్ళు చదువుకుంటారని సిగ్గుపడాలనిపించింది గానీ ఓపిక లేదు.

చిట్టా 4. రెండో పగలు. 58 కిలోమీటర్లు.

పొద్దున్న గోరు ఊడి మేజోట్లోనే ఉండిపోయింది. దులిపితే చింతపిక్కలా కింద పడింది. కాసేపు దాన్ని చూస్తూ కూర్చున్నాను. ఇరవై నాలుగేళ్ళలో నాది అనిపించిన మొదటి వస్తువు.

కడుపు చెడింది. మూడుసార్లు పొదల చాటుకి వెళ్ళాను. ఆ మూడుసార్లూ దూరంగా తీగబండి ఆగింది. జనం చేతులూపారు.

అయినా ఈ పూట బాగా పరిగెత్తాను. ఎత్తులో నడక, చదునులో పరుగు, దిగుడులో పక్కవాటుగా అడుగు. ఈ పద్ధతి పట్టుబడడానికి ఏడాదిన్నర మా ఊరి చెరకుతోటల గట్ల మీద అభ్యాసం చేశాను. నేను అభ్యాసం చేసినన్నాళ్ళూ మా తోడికోడలు పిక్కల నొప్పులని గోల పెట్టేది. ఆమె పిక్కలు బలపడ్డాయేమో చూడాలి.

నొప్పి: ఎడమ పాదం ముందుభాగం. నిన్నటి మొద్దుతనం పోయి పదునెక్కింది. అడుగు వేసినప్పుడూ వేయనప్పుడూ ఉంది.

చిట్టా 5. రెండో పగలు, మధ్యాహ్నం. 71 కిలోమీటర్లు, గాలిపాడు పోస్టు.

కూర్చుని ఏడ్చాను. సిగ్గు లేదు, చూడ్డానికి ఎవరూ లేరు. ఇక్కడ మనిషి ఉండడు, చిట్టాని చూపిస్తే చదువుకుని ఆఫీసుకి పంపే మిషను ఒకటుంది.

నొప్పి: ఎడమ పాదం. ఎర్రగా కాల్చిన మేకు దిగ్గొట్టి మెల్లగా తిప్పుతున్నట్టుంది. ఇంతకంటే సరిగ్గా చెప్పలేను. ఇది భరించలేను అని రాస్తే పరుగు ఆపేస్తారేమో, కాబట్టి భరిస్తున్నాను అని రాస్తున్నాను.

సగం దాటాను. లేస్తున్నాను.

చిట్టా 6. రెండో పగలు. 82 కిలోమీటర్లు.

పోయింది!

గాలిపాడు దాటి అర కిలోమీటరు వెళ్ళానో లేదో, పాదంలో మేకు ఎవరో పీకేసినట్టు పోయింది. మోకాలు కూడా. నడుం కూడా. ఒళ్ళు దారికి అలవాటు పడితే నొప్పి దానంతటదే విరుగుతుందని అమ్మమ్మ అనేది. దీన్నే అనేదన్నమాట.

మేకపిల్లలా పరిగెత్తాను. పదకొండు కిలోమీటర్లు గంటన్నరలో. వాన కూడా ఆగింది. తీగబండి నెత్తిమీద పోతుంటే ఈసారి నేనే చెయ్యి ఊపాను. జావ కూడా తాగేశాను, రుచి అలాగే ఉంది గానీ తాగేశాను. ఇలాగైతే రేపు మధ్యాహ్నానికే తెల్లగట్టు. గేటు తాకి, విడుదల కాగితం పుచ్చుకుని, వెళ్ళి ఒక గదిలో తలుపేసుకుని పడుకుంటాను. ఒంట్లో నేనొక్కదాన్నే ఉంటాను.

నొప్పి: లేదు.

చిట్టా 7. రెండో పగలు. 88 కిలోమీటర్లు.

పైన రాసిన పేజీ చింపేద్దామనుకున్నాను. చింపితే చెల్లదు కాబట్టి ఉంచుతున్నాను, నా తెలివితక్కువతనం నలుగురూ చదువుకోండి.

ఎనభై ఎనిమిదో రాయి దగ్గర బూటులో పచక్ పచక్ అని చప్పుడు వినపడింది. వాన నీళ్ళనుకున్నాను. వంపుదామని విప్పాను. నీళ్ళు కాదు. మేజోడు రక్తంతో ముద్దయి కాలికి అంటుకుపోయింది. వలిస్తే లోపల పాదం పనసకాయలా వాచి, వేళ్ళ మొదళ్ళ దగ్గర వంకాయరంగులో ఉంది. వాసన వచ్చింది. అలాంటి కాలితో పదిహేడు కిలోమీటర్లు గంతులేశాను. ఆ కాలు నాకు ఏమీ చెప్పలేదు.

చెప్పలేదంటే, ఎవరికో చెబుతోంది.

నా దగ్గరున్న ఫోను ఆఫీసుకి, ఆపద బంధువుకి తప్ప పోదు. చేశాను.

"వదినా."

"ఊఁ."

"నా కాలు నీ దగ్గరుందా?"

"ఉన్నాది," అంది.

ఎన్ని తిట్లు తిట్టానో రాయను. ఒక్కటే అవకాశమని తెలిసి, ప్రాణం మీదికి రాకుండానే, నన్నడక్కుండా ఎలా లాక్కున్నావని అడిగాను. అన్నీ విన్నది.

"నువ్వు రాసిందల్లా ఆ మిషను నాకు సదివి ఇనిపిత్తదే నూకా. ఆపద బంధువుకి ఇనిపించాలంట. కాల్చిన మేకు తిప్పుతున్నట్టున్నాదని రాసినావు. ఆ మాట ఇన్నాక నానెలాగ కూకోను?"

"ఎంతమందికి పంచావు? తలా కాసింతా?"

"ఎవులికీ ఇవ్వనేదు. నానొక్కత్తినే ఉంచుకున్నాను. నోట్లో గుడ్డ కుక్కుకుని నేల మీద తొంగున్నాను."

"ఎందుకు?"

"మా తమ్ముడిది నాకొచ్చినప్పుడు సోడా తాగీసి తొంగున్నాను కదే. పన్నెండో వంతు. అది వాడి సావని నాకెలాగ తెలుత్తాది? కూర అరగనేదనుకున్నాను. అప్పుటి కాడినుంచీ నాకదే. ఒక మడిసి నొప్పి మొత్తానికి ఎంతుంటాదో ఒక్కపాలి సూడాలి. సూసినాను. ఇంతుంటాదా అమ్మా? వాడికి ఇంతుండేదా?"

మూడో చిట్టాలో పదకొండుమందీ సోడా తాగి పడుకున్నారు అని రాశాను. ఆ పదకొండుమందిలో నేను లేనట్టు రాశాను. ఉన్నాను. నిమ్మకాయ సోడా. అతని పక్కనే పడుకుని, నీక్కూడా ఉబ్బరంగా ఉందా అని అడిగి, ఉందంటే, ఇద్దరం నవ్వుకున్నాం. నాకు ఈ లోకమంటే రోత అని అందరికీ చెబుతాను. మొదట ఎవరంటే రోతో ఎక్కడా చెప్పలేదు.

"ఇది బెణుకు కాదే," అంది వదిన. "బెణుకైతే తొంగుంటే తగ్గిపోద్ది. ఇది తొంగున్నా కొట్టుకుంటంది. రెండో ఏలు ఎనకాల, పాదం మీద, రూపాయి బిళ్ళంత జాగా. అక్కడ ఎముక సిట్లింది. నొక్కి సూడు."

నొక్కాను.

నేను నా కాలు నొక్కితే అరుపు ఫోనులోంచి వచ్చింది.

చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను. కడుపులో ఉన్న జావంతా బయటికి వచ్చింది. ఇంత అసహ్యమైన పని నా బతుకులో నేను చెయ్యలేదు. నా వేలి కింద నా చర్మం, ఎక్కడో అరవై మైళ్ళ అవతల ఇంకొకావిడ గొంతు.

"ఇచ్చెయ్ వదినా."

"తట్టుకోలేవే."

"తట్టుకోలేకపోతే తట్టుకోలేనని నాకు తెలియాలి. నాది. ఇచ్చెయ్."

"కూకున్నావా? నిలబడి తీసుకోకు, పడిపోతావు. కూకో. ఇత్తన్నాను."

చిట్టా 8. అక్కడే.

నొప్పి: ఉంది.

ఆ మూడు గంటలదీ కలిపి ఇచ్చినట్టుంది. కళ్ళు తిరిగాయి. కొండ తిరిగింది. అక్షరాలు వంకరపోతున్నాయి, చదవలేకపోతే నన్ను అడగండి, చెబుతాను. పాదంలో, రెండో వేలి వెనక, రూపాయి బిళ్ళంత జాగాలో. వదిన చెప్పిన చోటే.

దీన్ని ఆవిడ గుడ్డ నమిలి మోసింది.

చిట్టా 9. రెండో పగలు, నాలుగున్నర. 86 కిలోమీటర్లు.

ఎనభై ఎనిమిది నుంచి ఎనభై ఆరుకి వచ్చానంటే తప్పు రాశానని ఆఫీసు వాళ్ళు అనుకోవద్దు. వెనక్కి వస్తున్నాను. నొప్పి నా దగ్గర లేకుండా పరిగెత్తిన దూరం చెల్లదని రూలు. చివరిసారి నాదిగా ఉన్న చోటికి, గాలిపాడు పోస్టుకి తిరిగి వెళ్ళి, అక్కణ్ణించి మళ్ళీ మొదలుపెట్టాలి. పదిహేను కిలోమీటర్లు వెనక్కి, ఆ మీదట అరవై ఆరు ముందుకి. చేతిలో ఉన్నది గంటన్నర వెలుతురు, ఇంకొక్క పగలు.

రెండు కిలోమీటర్లకి గంట పట్టింది. సగం దూరం కూర్చునే జరిగాను. లాగు వెనకభాగం చిరిగింది. నెత్తిమీద తీగబండి ఆగితే ఎవరో ఫొటో తీశారు. చేతికందిన రాయి విసిరాను, సగం దూరం కూడా పోలేదు.

ఒక దారి ఉంది. కట్టు గట్టిగా బిగించి, పళ్ళు బిగించి, కాలు పోతే పోయిందని వెళ్ళచ్చు. ఇదివరకు ఇద్దరు అలాగే చేశారు. వాళ్ళకి విడుదల దొరికింది, ఒకాయనకి పాదం ముందుభాగం తీసేశారు. ఆఫీసు గోడ మీద ఆయన ఫొటోకి దండ వేసి ఉంది. బతికున్నాడు, అయినా వేశారు.

బండ మీద కూర్చుని కాలిని అడిగాను. నవ్వకండి. ఏమంటున్నావే అని పైకే అడిగాను. ఆగు అంటోంది. ఒక్కటే మాట, గుక్క తిప్పుకోకుండా. దీనికి చిట్టాలో పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు.

నేను ఇంతదూరం వచ్చింది ఈ గొంతు వినడానికి. పన్నెండు ముక్కలై ఎవరికీ వినపడకుండా పోయిన గొంతు ఇది. ఇవాళ ఒక్క ముక్కగా నా దగ్గరికొచ్చి ఆగమంటే, కాగితం కోసం దీని నోరు నేనే నొక్కాలా? అలాగైతే నాకూ సోడాకీ తేడా ఏముంది?

కోపంతో ఒళ్ళు మండిపోతోంది. కొండ మీద, కాలి మీద, వదిన మీద, అన్నిటికంటే ఈ మాటలో న్యాయం ఉన్నందుకు.

పరుగు మానేస్తున్నానని ఆఫీసుకి తెలిపే ఎర్రమీట నొక్కాను. నాకున్న ఒక్క అవకాశం అయిపోయింది.

నొప్పి: ఎడమ పాదం. నాదే.

చిట్టా 10. మూడో పగలు, పొద్దున్న. కొండ దిగువ ఆసుపత్రి.

ఓడినవాళ్ళు చిట్టా రాయనక్కర్లేదట. పేజీలు మిగిలాయి కాబట్టి రాస్తున్నాను.

నిన్న పొద్దుగూకేలోగా దాలినాయుడు మనుషుల్ని తెచ్చి తీగబండిలో దింపించాడు. ఎక్కగానే నా చెవి వెనక్కి చెయ్యి పెట్టబోయాడు. ఓడినవాళ్ళని వెంటనే పంపకంలో కలపాలని రూలు.

"ఒక్క నిమిషం పనమ్మా. ఇరవై ఆరుమందికీ సర్దేస్తే చీమ కుట్టినట్టు కూడా ఉండదు."

"డాక్టరు చూసేదాకా ముట్టుకున్నావంటే కరుస్తాను."

ముట్టుకోలేదు. మంచివాడు. ఉద్యోగం పోయే పని అది, నాకోసం చేశాడు. రాత్రి నా పక్కన కుర్చీలోనే ఉన్నాడు, నేను మూలుగుతుంటే చెవులు మూసుకున్నాడు. మనిషి మూలుగు వినడం అతనికి అదే మొదలట.

పొద్దున్న వదిన వచ్చింది. కుంటుకుంటూ వచ్చింది. ఆవిడ కాలికి ఏమీ కాలేదు, మూడు గంటలు మోసినందుకు కాలు ఆ నొప్పిని ఇంకా మరచిపోలేదు. నా మంచం పక్కన నిలబడింది. మెడ మీద ఆవిడ గోళ్ళే గీరిన చారలు, కింది పెదవి చిట్లి నల్లగా ఉంది. అందులో గుడ్డ పోగు ఒకటి ఇంకా అంటుకుని ఉంది. చెయ్యి చాపి ఆ పోగు తీసేశాను.

డాక్టరమ్మ వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. నా మొహం చూడలేదు, తెర మీద ఎముకల ఫొటో చూసింది. "ఎముక బాగానే ఉంది. గోరు ఊడిన పుండుకి చీము పట్టింది, అంతే. మందు రాస్తాను. పంపకంలో కలిపేస్తే సాయంత్రానికి నడిచి ఇంటికెళ్ళిపోవచ్చు."

దాలినాయుడు లేచాడు.

"అడగలేదు మీరు," అన్నాను.

"ఏమని?"

"ఎక్కడ నొప్పి అని."

ఆమెకి అర్థం కాలేదు. ఆ ప్రశ్న చదువులో చెప్పరనుకుంటాను. చెప్పి ఏం లాభం, అడిగినా ఏ రోగి దగ్గర జవాబుంటుంది? దాలినాయుడి వంక చూసింది, అతను నేల వంక చూశాడు. చివరికి, పాఠం అప్పజెప్పే పిల్లలా, "ఎక్కడ... నొప్పి?" అంది.

నేను వంగి పాదం మీద వేలు పెట్టాను. సరిగ్గా అదే క్షణంలో వదిన కూడా వంగి వేలు పెట్టింది. నా వేలి మీద ఆవిడ వేలు పడింది.

రోత పుట్టింది. తోసేశాను. ఆవిడ కదల్లేదు.

"అక్కడ కాదే నూకా," అంది. నా వేలు పట్టుకుని గోరంత కిందికి జరిపింది. "ఇదిగో. ఇక్కడ."

నిజమే. అక్కడే.

డాక్టరమ్మ తెర కట్టేసి, మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, మా వేళ్ళున్న చోటికి పక్కవాటుగా ఇంకో ఫొటో తియ్యమంది.